మూసిన బ్యాంకు ముందు చెప్పుల లైను

మా మేనత్త తన జన్మలో ఎవరి గడప దాటేటప్పుడూ "పోయొస్త" అన్న పాపాన పోలేదు. "పోతున్న" అనేది, పోయేది. అంతే. ఆ మాట చెవిన పడగానే ఎదుటివాళ్లు ఉలిక్కిపడి, "అట్లనొద్దు, పోయొస్త అను" అంటూ వీధి చివరిదాకా వెంటపడేవాళ్లు. ఆ ఒక్క ముక్క నేర్పడానికి మా నాయనమ్మ కూతురి వీపు మీద అరగదీసిన చీపుర్ల వల్ల సూర్యాపేట అంగట్లో చీపుర్ల ధర పెరిగిందని మా నాయన ఒట్టేసి చెప్పేవాడు. అయినా అత్త నోటికి ఆ మాట ఎక్కలేదు.

"వచ్చే పని పడితే నేనే వస్త. ముందుగాల మాటెందుకిచ్చుడు? మాటిస్తే వాళ్లు ఎదురుసూస్తరు గద" అనేది.

నిజానికి "పోయొస్త" అనగూడని చోటు లోకంలో ఒక్కటే ఉంది. చావు జరిగిన ఇల్లు. అక్కడినుంచి ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చెయ్యాలి. "పోయొస్త" అంటే మళ్లీ అలాంటి పనికే రావలసి వస్తుందని భయం. మా అత్త అక్కడ కూడా అందరికీ వినబడేలా "పోతున్న" అని చెప్పే లేచేది. శవం తప్ప అందరూ ఉలిక్కిపడేవాళ్లు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అత్త బ్యాంకు రికార్డులో చనిపోవడానికి ఇలాంటి మాటే కారణం. ఆ తరువాత ఒక సాయంత్రం నా ఒంటిమీద వెంట్రుకలు నిలబడి, ఇప్పటికీ పూర్తిగా పడుకోకపోవడానికి కూడా.

నేను సూర్యాపేటలో జిరాక్సు దుకాణం నడుపుతాను. తుంగతుర్తి నుంచి కోదాడ దాకా జనాభాలో సగం మంది ఆధార్ కార్డులు నా గాజు పలక మీద బోర్లా పడుకుని లేచినవే. ఆ ఫోటోల్లో మనుషులు ఎలా ఉంటారో మీకు తెలుసు. నీళ్లలోంచి తీసి, ఆరబెట్టి, కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉంటారు. కాగితం మీద ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పెద్ద తేడా కనబడదని నాకు ఎప్పుడో తెలుసు. మా అత్త విషయంలో ఆ కాస్త తేడా కూడా చెరిగిపోయింది.

అత్త ఊరు సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు దిగి, ఆటోలో లోపలికి పోతే వస్తుంది. ఆ ఊళ్లో ఒకప్పుడు బ్యాంకు ఉండేది. రెండు గదులు, ముగ్గురు ఉద్యోగులు, నాలుగు ఫ్యాన్లు, ఒక తుపాకి. తుపాకి పట్టుకోవలసిన ఆయన వచ్చినవాళ్లకు ఫారాలు రాసిపెట్టేవాడు గనక, తుపాకిని మా అత్తలాంటి వాళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. అంత భద్రమైన బ్యాంకు దేశంలో ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఆ బ్యాంకుకు ఒక పద్ధతి ఉండేది. పింఛను పడే వారంలో ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి షట్టరు ముందు చెప్పులు వరుసగా విడిచి, ఉత్త కాళ్లతో ఇంటికి పోయి పనులు చేసుకునేవాళ్లు. చెప్పులు లైన్లో ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ చెప్పుల్ని దాటి ముందుకు పోగల మొనగాడు ఆ ఊళ్లో పుట్టలేదు. పది గంటలకు షట్టరు లేచేసరికి ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెట్టి నిలబడేవాళ్లు. ఒకసారి ఆ వరుస పాలకేంద్రం దాటి, వడ్ల కల్లాలు దాటి, పక్క ఊరి పొలిమేరలో చొరబడిందని నేను చాలామందికి చెప్పాను. మంగలి దుకాణం దాకా మాత్రం నిజంగా పోయింది.

తరువాత ఆ బ్యాంకును సూర్యాపేటలోని పెద్ద బ్యాంకులో కలిపేశారు. షట్టరు దించి, తాళం వేసి, మీద ఒక కాగితం అంటించిపోయారు. ఆ కాగితాన్ని వాన సగం తినేసింది. మిగిలిన సగంలో "ఖాతాదారులందరూ" అన్న ఒక్క మాటే చదవడానికి వీలుగా ఉండేది. ఖాతాదారులందరూ ఏం చేయాలో, ఏమయ్యారో ఎవరికీ తెలియదు. పక్కనున్న ఏటీఎం గదిలో చాలాకాలం ఒక నీలం వెలుతురు, అందులో "దయచేసి వేచి ఉండండి" అన్న అక్షరాలు కనబడేవి. ఊరు ఏడాది వేచి ఉంది. ఒకరోజు ఆ వెలుతురు కూడా ఆరిపోయింది. అప్పటినుంచి ఆ గది అద్దంలోకి చూస్తే చూసేవాడి మొహమే, కొంచెం ఆలస్యంగా కనబడుతుంది. ఈ ఆలస్యం సంగతి నేను కల్పించానని మా ఇంట్లో అంటారు. వాళ్లు వెళ్లి చూడలేదు.

బ్యాంకు పోయాక ఊళ్లోని కిరాణా దుకాణంలో ఒక వేలిముద్ర మిషను పెట్టారు. బొటనవేలు నొక్కితే దుకాణదారు నగదు ఇస్తాడు. మా అత్త ఆ మిషనును మనిషిగా లెక్కపెట్టలేదు. "అది పలకరించది, నవ్వది. దాన్కి నా ఏలు ఎందుకియ్యాలె?" అనేది. ఇచ్చేది మాత్రం.

ఆ ఏడు చలికాలం మొదట్లో అత్త కళ్లకు పొరలు కమ్మాయి. మిర్యాలగూడలో ఆమె చెల్లెలు ఉంటుంది. అక్కడి కంటి దవాఖానలో ముందు కుడికన్ను ఆపరేషన్ చేయించుకోవడానికి, ఒక గురువారం పొద్దున ఆటో ఎక్కి పోయింది. చెల్లెలి కోసం బుట్టలో రెండు కోళ్లను కూడా తీసుకుపోయింది. సరిగ్గా ఆ శనివారమే బ్యాంకు తరఫున ఖాతాదారుల తనిఖీకి ఒకాయన ఊళ్లోకి దిగాడు. కోదాడ వైపు మనిషి. మాట మెత్తన. చేతిలో పలకంత ఫోను. అత్త ఇంటికి తాళం ఉండటంతో పక్కింటామెను అడిగాడు. ఆమె గిన్నెలు తోముకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"అమ్మా, ఈ ఇంటి పెద్దావిడ ఉన్నారాండీ?"

"లేదు. పోయింది."

"అయ్యయ్యో! ఎప్పుడండీ?"

"మొన్న బేస్తారం."

"పాపం... ఎలా పోయారండీ?"

"ఎట్ల పోతది? ఆటోల పోయింది."

ఆయన ఫోను కిందికి దించాడట. "ఈ ఆటోలతో చాలా కష్టంగా ఉందమ్మా. ఆ సమయానికి పక్కన మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఎవ్వలు లేరు. బుట్టల రెండు కోళ్లుండె. అవి గూడ పోయినయ్."

ఆయన తాళం వేసిన తలుపు వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, ఫోనులో ఏదో రాసుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు. "బ్యాంకోళ్లకు మనమంటే ఎంత మర్యాదో, మన తలుపుకు గూడ దండం పెట్టిన్రు" అని పక్కింటామె వారం రోజులు ఊరంతా చెప్పుకుంది.

అత్త నల్లకళ్లద్దాలతో తిరిగి వచ్చింది. కుడికన్నుకు లోకం కడిగిన పళ్లెంలా కనబడుతోంది. ఎడమకన్నుకు ఇంకా పొరే. నెల తిరిగేలోపు రెండోది కూడా చేయించుకోవాలని, పొర ముదిరి గట్టిపడితే తాను ఏమీ చేయలేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆపరేషన్‌కు కావలసిన పైసలు అత్త ఖాతాలోనే ఉన్నాయి. నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

"నీ పైసలతోని కన్ను తెచ్చుకుంటే, నువ్వు సూపిచ్చిందే సూడాలె. నువ్వేమో సీమను ఏనుగని సూపిస్తవ్. నా పైసలు నేను తెచ్చుకుంట" అంది.

దుకాణంలో బొటనవేలు పెట్టింది. మిషను చాలాసేపు ఆలోచించి ఒక చిన్న చీటీ కక్కింది. దుకాణదారు చదివాడు. మళ్లీ చదివాడు. చీటీని దూరం పెట్టి, అత్తను దగ్గరగా చూశాడట.

"అవ్వా, నువ్వు పోయినవని వచ్చింది."

"ఏడికి?"

"అది రాయలే."

ఆ సాయంత్రమే నాకు ఫోను వచ్చింది. "అల్లుడా, నేను పోయిన్నట. రేపు పొద్దుగాల్ల రా."

పోయాను. ఆ పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, నా బండి ముందు చక్రం నా వెనక ఎక్కడో వస్తున్నట్టుగా ఉంది. ఊరి మొదట్లోనే ఆ పాత బ్యాంకు. మంచులో షట్టరు ఒక్కటే బూడిదరంగు గోడలా నిలబడి ఉంది. బండి ఆపాను.

షట్టరు ముందు చెప్పులు ఉన్నాయి.

ఐదు జతలు. ఒకదాని వెనక ఒకటి, మొహం షట్టరు వైపు, పద్ధతిగా. మొదటివి టైరుతో కుట్టిన మగవాళ్ల చెప్పులు. వాటి వెనక నీలం హవాయి. తరువాత మడమ దగ్గర పిన్నీసు గుచ్చి కలిపిన ఆడవాళ్ల చెప్పులు. నాలుగోవి మా అత్తవి. నేనే కొనిచ్చాను గనక గుర్తుపట్టాను. ఐదో జత బాగా చిన్నవి, మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. చుట్టుపక్కల మనిషి జాడ లేదు. మూసి ఏడాదిన్నర దాటిన బ్యాంకు ముందు లైను.

అత్త ఉత్త కాళ్లతో, చేతిసంచితో, మంచులోంచి వచ్చింది.

"నీ చెప్పులు గీడెందుకున్నయి అత్తా?"

"లైన్ల ఉన్నయి."

"బ్యాంకే లేదు గద!"

"మిషను నన్ను పోయినోళ్లల్ల రాసిందన్నరు. పోయినోళ్ల లైను యాడుంటదో నాకు తెల్వదా? రాత్రి పెట్టిన."

"తక్కినయి ఎవ్వరివి?"

"పోయినోళ్లయి."

"ఎటు పోయిన్రు?"

అత్త కొత్త కన్నును అరచేత్తో మూసి, పొర ఉన్న ఎడమకన్నుతో షట్టరు వైపు చూసింది. కాసేపయ్యాక చెయ్యి మార్చింది. పొర కన్నును మూసి కొత్త కన్నుతో చూసింది. మళ్లీ మార్చింది.

"కొత్త కన్నుకు ఉత్త చెప్పులే కనబడుతున్నయి. ఈ కన్నుకు నిలబడ్డోళ్లు గూడ కనబడుతున్నరు. ముందటాయన గొర్లు కాసేటోడు. పొగాకు వాసన వస్తలేదా నీకు?"

"పొర కన్నుకు అన్ని నీడలే కనబడుతయత్తా. మంచు గూడ ఉన్నది" అన్నాను. నా మాట నాకే పక్క ఊరి నుంచి వినబడినట్టుంది.

"ఊకో. లోపల ముద్ర కొడుతున్నరు, ఇను."

విన్నాను. టప్. టప్. కొంచెం ఆగి మళ్లీ టప్. కాగితం మీద రబ్బరు ముద్ర వేసినట్టు. మంచునీళ్లు రేకు మీదినుంచి కారుతున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆ షట్టరు పైన రేకు లేదన్న సంగతి ఆ తరువాత గుర్తుకొచ్చింది.

"తాళముంది గదత్తా. లోపల ఎవరుంటరు?"

"తాళం బయటోళ్లకు" అంది అత్త, నా బండి ఎక్కుతూ.

"చెప్పులేసుకో. సూర్యాపేట దాక ఉత్త కాళ్లతోని వస్తవా?"

"లైను ఇడిస్తే మల్ల ఎనకకు పోవాలె. పోనీ బండి."

సూర్యాపేట బ్యాంకులో జనం ఎంతమంది ఉన్నారంటే, ఒకరు ఊపిరి వదిలితేనే ఇంకొకరు పీల్చుకోవాలి. చల్లటి గచ్చు మీద అత్త ఉత్త కాళ్లు చూసి, ఒకరిద్దరు కాస్త జరిగి చోటిచ్చారు. మూడు గంటలు నిలబడ్డాక అధికారి ముందు కుర్చీ దొరికింది. ఆయనా కోదాడ వైపు మనిషే. కంప్యూటరులో చూసి, అత్తను చూసి, మళ్లీ కంప్యూటరును చూశాడు. ఆ ఇద్దరిలో ఆయన కంప్యూటరునే నమ్మినట్టు కనబడింది.

"అమ్మా, మీరు చనిపోయినట్టుందండీ."

"ఎప్పుడు?"

"గురువారమండీ."

"ఎట్ల?"

"ఆటో అని ఉందండీ."

"నాతోని ఎవరన్న ఉన్నరా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండు కోళ్లు కూడా అని వివరాల్లో రాశారండీ."

అత్త నా వైపు తిరిగింది. "కోళ్లను మా చెల్లె కూర వండింది. అవి పోయింది నిజమే. నేను తిన్న."

నేను బల్ల మీదికి వంగి, ఈవిడే ఆవిడ, ఇదిగో ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది అని విన్నవించుకున్నాను. ఆయన ఎంతో ఓపికగా విన్నాడు.

"నాకు కనబడుతూనే ఉన్నారు సార్. సిస్టంకు కనబడాలి కదండీ. నామినీ ఎవరు? మీరేనా? మరి తేలికేనండీ. మీరు డెత్ సర్టిఫికెట్ తెస్తే పది రోజుల్లో డబ్బంతా మీ చేతిలో పెడతాం. బతికే ఉన్నారంటే మాత్రం టైము పడుతుంది."

"ఎంత టైము సార్?"

"చెప్పలేమండీ. పై ఆఫీసుకు రాయాలి. ఇంతవరకూ ఇక్కడ ఎవరూ అలా వెనక్కి రాలేదు."

అత్త నన్ను తలనుంచి కాలిదాకా చూసింది. "ఏమంటవ్ అల్లుడా? నీకేమన్న తొందరున్నదా?"

నాకు నవ్వొచ్చింది గానీ, మధ్యలోనే ఆగిపోయింది. నెల తిరగడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. పై ఆఫీసు ఆ పన్నెండు రోజుల్లో ఒక ఉత్తరం తెరుస్తుందని ఎవరూ అనుకోరు. ఆ లోపల ఎడమకన్ను గట్టిపడితే ఇక అంతే.

"ఒకసారి ముద్రలు ప్రయత్నిద్దాం. ఆధార్‌తో కలిస్తే ఇక్కడే తెరవచ్చు" అన్నాడు అధికారి.

అత్త బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడువేలు. ఎర్ర లైటు. చేతులు తుడిచి, జుట్టుకు రాసి, మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి. ఇంకో పది ఉన్నా అయిపోయేవి. యాభై ఏళ్లు మిరపకాయలు తెంపి, నాట్లు వేసి, ఆమె తన వేలిముద్రలన్నీ హాలియా నుంచి మా ఊరిదాకా పొలాల్లోనే వదిలేసి వచ్చింది. దుకాణంలో మిషనుకు దొరికిన కాస్తంత గీత కూడా ఆ చలికి ముడుచుకుపోయినట్టుంది.

"కన్ను ఉంది కదండీ" అని అధికారి సొరుగులోంచి దుర్భిణీలాంటి ఒక పెట్టె తీశాడు. అందులో కన్ను పెట్టి చూస్తే, అది మనల్ని చూస్తుంది.

అత్త ముందు కొత్త కన్ను పెట్టింది. ఎర్ర లైటు. మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. కడిగిన పళ్లెంలాంటి ఆ కన్ను ఎవరిదో కంప్యూటరుకు తెలియదు.

"ఎడమది పెట్టండమ్మా."

"దానికి పొర ఉన్నది సారు. అది ఇటు దిక్కు సరిగ్గ సూడది."

"పెట్టి చూడండీ."

పెట్టింది. పెట్టె లోపల ఏదో సన్నగా మూలిగింది. నా పక్కనున్న జనం మాటలు, ఫ్యాన్ల చప్పుడు, బయట బస్సుల హారన్లు అన్నీ ఒక్కసారిగా వెనక్కి తగ్గినట్టనిపించింది. టప్ అని ఎక్కడో ముద్ర పడింది. అది బ్యాంకు. ముద్రలు పడతాయి. అయినా నేను అత్త కాళ్లకేసి చూశాను. ఆమె కాలివేళ్లు నేల మీద కాకుండా చెప్పుల పట్టీల్లో ఉన్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

పచ్చ లైటు వెలిగింది.

"ఉన్నారండీ!" అన్నాడు అధికారి, తన ఇంట్లోనే ఎవరో తిరిగొచ్చినట్టు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఒకామె ముక్కు చీదింది. అత్త మాత్రం ఆ పెట్టెలోంచి కన్ను తీయలేదు.

"అత్తా, అయిపోయింది. లే."

"ఆగు. గొర్లాయన లోపలికి పోతున్నడు" అంది.

అధికారి వినలేదు. నేను విననట్టు నటించాను. ఆయన కాగితాలు రాయించుకుని, అత్త చేతికి నగదు ఇప్పించి, లేచి నిలబడి మరీ చెప్పాడు. "ఎడమకన్ను ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఒకసారి రండమ్మా. ఇప్పుడు సిస్టం మిమ్మల్ని ఆ కన్నుతోనే గుర్తుపడుతోంది. మారిస్తే మళ్లీ రాయించుకోవాలి."

"మారిస్తే మల్ల పోత అన్నట్టు" అంది అత్త. లేస్తూ అలవాటు ప్రకారం "పోతున్న" అని కూడా చెప్పింది. ఆ అధికారి మొహం చూసి తీరాలి.

బయటికొచ్చాక సూర్యాపేట బజారులో చెప్పులు కొంటానన్నాను. వద్దంది. టీ తాగుదామన్నాను. వద్దంది. పైసలు జాకెట్లో దోపుకుని, బండి ఎక్కి, "జల్ది పోనీ. లైను కదులుతున్నది" అంది. నేను ఆమెను నవ్వించాలని, కోళ్ల వారసులు కూడా బ్యాంకు మీద కేసు వేస్తారేమోనని ఇరవై కిలోమీటర్లూ ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను. రెండుసార్లు బండి అద్దంలో ఆమె ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. కొత్త కన్నును అరచేత్తో మూసుకుని ఉంది.

ఊరు చేరేసరికి ఎండ వాలుతోంది. వెలుతురు ఇంకా బాగానే ఉంది. షట్టరు ముందు బండి ఆపాను.

ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో సగం తీసేసి వినండి, నాకేం బాధ లేదు. ఈ ఒక్క ముక్క మాత్రం నేను ఒక వెంట్రుక కూడా పెంచి చెప్పడం లేదు. పొద్దున అత్త చెప్పులకు ముందు మూడు జతలున్నాయి. ఇప్పుడు లేవు. టైరు చెప్పులు లేవు. నీలం హవాయి లేదు. పిన్నీసు చెప్పులు లేవు. అత్త చెప్పులు అన్నిటికన్నా ముందు, షట్టరుకు జానెడు దూరంలో ఉన్నాయి. వాటి వెనక ఆ చిన్న చెప్పులు. ఎవరో ఊడుస్తూ జరిపి ఉండాలి. కానీ అక్కడ చీపురు గీతలు లేవు. దుమ్ములో పాదాల జాడలున్నాయి. అవి షట్టరు వైపు పోయాయి. వెనక్కి వచ్చిన జాడలు లేవు.

"వచ్చేసింది నా నంబరు" అంది అత్త, మామూలుగా.

ఆమె వంగి, ఆ చెప్పుల్ని చేత్తో తీసుకుంది. అక్కడ వేసుకోలేదు. నాలుగడుగులు వెనక్కి వచ్చి, రోడ్డు మీద పెట్టి, అప్పుడు కాళ్లు దోపింది. నేను బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. ఆమె ఎక్కలేదు. కొత్త కన్నును మూసి, పొర కన్నుతో షట్టరు వైపు చూస్తూ నిలబడింది. లోపల ముద్ర చప్పుడు ఆగింది. ఎవరో తల ఎత్తి ఎదురుచూస్తున్నట్టుగా ఆగింది.

మా అత్త, జన్మలో ఎవరికీ మాటివ్వని మనిషి, ఆ షట్టరు వైపు తల ఊపి మెల్లగా అంది.

"పోయొస్త."

నా చేతిలోంచి బండి తాళం కింద పడింది. దాన్ని వెతుక్కోవడానికి నాకు అంత సమయం ఎందుకు పట్టిందో నేను చెప్పను.

"ఎవ్వరికి చెప్పినవత్తా?" అని దారిలో అడిగాను.

"పిలిచి, ముందట నిలబెట్టి, మర్యాదగ సూసిన్రు. చెప్పకుండ ఎట్ల రావాలె?"

"గాడ అట్లనొద్దని నీకు తెల్వదా?"

"తెల్సు. మాటిస్తెనే ఇడుస్తరు. కన్ను కావాలె గద" అంది.

రెండు రోజులకు మిర్యాలగూడలో ఎడమకన్నుకు కూడా ఆపరేషన్ అయింది. బాగా అయింది. ఇప్పుడు ఆమె రెండు కళ్లతోనూ సూది బెజ్జంలో దారం ఎక్కిస్తుంది, నా నెత్తి మీద తెల్లవెంట్రుకలు లెక్కపెట్టి ఊరందరికీ చెబుతుంది. బ్యాంకులో కొత్త కన్ను కూడా రాయించాం. కంప్యూటరు ఆమె ఉందనే అంటోంది.

కిరాణా దుకాణానికి ఆ పాత బ్యాంకు ముందునుంచి పోతే వంద అడుగులు. అత్త అటు పోదు. పాలకేంద్రం చుట్టూ తిరిగి, వడ్ల కల్లాలు దాటి, ఎండలో వానలో అరమైలు నడిచి పోతుంది. మొన్న ఎందుకని అడిగాను.

"రెండు కండ్లు మంచిగున్నయి గద అల్లుడా, ఇగ నాకు వాళ్లు కనబడరు" అంది. "నేను కనబడుత. ఎప్పుడొస్తవని అడుగుతరు."